ముఖం చూపకుండానే కనిపించడం

ప్రశ్న: శరణార్థుల పేరిట నగర కూడళ్లలో శిల్పాలు, భారీ బొమ్మలు నిలబెడుతున్నారు. వీటివల్ల వారికి నిజంగా గుర్తింపు దక్కుతుందా, లేక వారి బాధ చూసేవారికి వింతగా మిగిలిపోతుందా?

జవాబు: మీ అనుమానానికి ఆధారం ఉంది. 2015 ఏప్రిల్‌లో మధ్యధరా సముద్రంలో వందలాది మందితో మునిగిపోయిన పడవను స్విస్ కళాకారుడు క్రిస్టోఫ్ బ్యూకెల్ 2019లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు తెప్పించి నిలబెట్టినప్పుడు, పక్కన వివరణ ఫలకమైనా లేకపోవడంతో, అదేమిటో తెలియకుండానే కొందరు దాని ముందు ఫొటోలు దిగారు. దానిని నేను సమర్థించలేను.

అయితే ‘కనిపించడం’ అందరికీ మేలు చేయదు. ఆశ్రయం కోరి దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఫొటో బయటపడితే, స్వదేశంలో మిగిలిన బంధువులకు ముప్పు రావచ్చు. అందువల్ల ఈ కళలో మెరుగైన ప్రయత్నాలు నిజమైన మనుషుల ముఖాలను పక్కన పెట్టి, వారి ప్రయాణాన్ని చూపించాయి. చైనా కళాకారుడు ఐ వేవే 2016లో, శరణార్థులు పడవల్లో చేరుకునే గ్రీసు దీవి లెస్బోస్ నుంచి తెచ్చిన సుమారు 14,000 లైఫ్ జాకెట్లను బెర్లిన్‌లోని ఒక సంగీత మందిరం స్తంభాలకు చుట్టించాడు. 2021లో తుర్కియేలోని గాజియాంటెప్ నుంచి మాంచెస్టర్ దాకా సుమారు 8,000 కిలోమీటర్లు సాగిన ‘అమల్’ అనే సిరియా బాలిక బొమ్మ ఎత్తు మూడున్నర మీటర్లు. లోపల పొడవాటి కర్రకాళ్లపై నడిచే ఒకరు తీగలతో ఆమె తలను, ముఖాన్ని కదిలిస్తుంటే, చెరో చేతినీ ఒక్కొక్కరు ఆడించేవారు. ఆమెను కొన్ని ఊళ్లు ఎదురేగి ఆదరించగా, గ్రీసులోని లారిసాలో రాళ్లు పడ్డాయి.

నాకు అన్నిటికన్నా నచ్చినది 2017లో జర్మనీలోని కాసెల్‌లో ఓలు ఒగ్విబే నిలిపిన పదహారు మీటర్ల కాంక్రీటు స్తంభం. బాల్యంలో బియాఫ్రా యుద్ధాన్ని (నైజీరియా అంతర్యుద్ధాన్ని) చవిచూసిన ఆ నైజీరియా కళాకారుడు ‘పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి’ అనే బైబిలు వాక్యాన్ని జర్మన్, ఇంగ్లీషు, టర్కిష్, అరబిక్ భాషల్లో బంగారు అక్షరాలతో చెక్కించాడు. ఊరివారిని మాత్రమే కాక, కొత్తగా వచ్చినవారిని సైతం వారి భాషలోనే పలకరించడం వల్ల, అక్కడ శరణార్థి ప్రదర్శన వస్తువు కాకుండా పాఠకుడయ్యాడు; మీరు అడిగిన గుర్తింపు ఇదేనని నా అభిప్రాయం. స్థలంపై వివాదం రేగి 2018 అక్టోబరులో ఆ స్తంభాన్ని అది నిలిచిన కోనిగ్స్‌ప్లాట్జ్ కూడలి నుంచి తొలగించారు. మరుసటి ఏడాది అదే ఊళ్లోని ట్రెపెన్‌స్ట్రాసే వీధిలో దానికి మళ్లీ చోటిచ్చారు.