నెట్‌వర్క్ సందేహాలు: స్పీడు 94 దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ ప్లాను. ఫోన్లో వైఫై మీద 190 దాకా వస్తోంది. వైరు తగిలించిన కంప్యూటర్లో మాత్రం ఎన్నిసార్లు చూసినా 94. వైరుకే ఎక్కువ రావాలి కదా?
(ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: రావాలి. ఎందుకు రావట్లేదో మీరు రాసిన 94లోనే ఉంది. బయటి లైను బాగోకపోతే అంకె పొద్దున ఒకలా, రాత్రి ఒకలా మారుతుంది. ప్రతిసారీ 94 దగ్గరే ఆగిందంటే కంప్యూటరుకీ రూటరుకీ మధ్య లింకు 100కి పడిపోయిందన్నమాట.

మిగతా ఆరు ఎటు పోయినట్టు? డేటా ప్యాకెట్లుగా వెళ్తుంది. ఒక్కోటి మామూలుగా 1500 బైట్లకు మించదు. అందులో డేటా ఎవరికి, ఏ వరసలో చేరాలో చెప్పే ఐపీ, టీసీపీ హెడర్లకు 40 పోతే 1460 మిగులుతాయి. ఇక బయట ఈథర్నెట్ (వైరు నెట్‌వర్క్) చిరునామాలు, తప్పుల తనిఖీ, ప్యాకెట్టుకీ ప్యాకెట్టుకీ మధ్య విడవాల్సిన ఎడం కలిపి మరో 38 బైట్ల జాగా తింటాయి. 1538లో 1460 అంటే నూటికి 94 చిల్లర. కాబట్టి మీ లింకు తన శక్తికి తగ్గట్టే పనిచేస్తోంది. 100 దగ్గర ఇరుక్కుపోవడమే సమస్య.

కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నుల తీగలు చాలు. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక తీగ తెగితే చాలా నెట్‌వర్క్ కార్డులు గిగాబిట్‌కు ప్రయత్నించి, కుదరక 100కి దిగిపోతాయి. నెట్ ఆగదు గనక ఎవరికీ అనుమానం రాదు.

ముందు విండోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఈథర్నెట్ కింద లింక్ స్పీడ్ చూడండి. 100/100 అని ఉంటే వేరే కేబుల్ పెట్టి చూడండి. అయినా మారకపోతే రూటర్లో పోర్టు మార్చండి. కొన్ని రూటర్లలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి ఉంటాయి. కేబుల్ మారిస్తే సరిపోయిందా, పాతదానికి చివర ఉండే జాక్ (ప్లాస్టిక్ ప్లగ్గు) మళ్లీ కొట్టాలి. క్లిప్పు అవతలి వైపు, పిన్నులు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జతల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆకుపచ్చ జత 3, 6లో ఎందుకు విడిపోవాలని, రంగుల జతలన్నీ పక్కపక్కనే పేర్చేస్తారు. రెండు చివరలా అలాగే ఉంటే టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. కానీ 3, 6 మీద వెళ్లే సిగ్నల్ రెండు వేర్వేరు జతల్లో పడుతుంది. మెలిపెట్టిన రెండు తీగల మీదా బయటి అలజడి సమానంగా పడుతుంది. అవతల రెండింటి తేడానే చూస్తారు గనక అది కొట్టుకుపోతుంది. జత విడిపోతే ఆ రక్షణ పోతుంది, తప్పులు పెరుగుతాయి. మామూలు టెస్టర్ చూసేది తీగ తెగిందా, వరస తప్పిందా అన్నదే; జత విడిపోయిందా అన్నది చూడదు. మధ్యలో టేపు చుట్టిన అతుకులుంటే కేబులే మార్చేయండి.

ప్రశ్న: హాస్టల్లో వైఫై కనెక్ట్ అయిందంటుంది, నెట్ రాదు. నా ల్యాప్‌టాప్‌లో ఐపీ 169.254తో మొదలవుతోంది. కొందరికి మాత్రం బాగానే వస్తోంది.
(ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: అది రూటర్ ఇచ్చిన చిరునామా కాదు. మీ ల్యాప్‌టాప్ ‘నాకు అడ్రస్ ఎవరిస్తారు?’ అని కేకేసింది, జవాబు రాలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది. చిరునామాలు పంచే ఈ పని డీహెచ్‌సీపీది. అడగడం, ఇవ్వజూపడం, కోరడం, ఖాయం చేయడం: నాలుగు మాటల్లో అయిపోతుంది.

హాస్టళ్లలో ఎక్కువగా జరిగేది చిరునామాలు అయిపోవడం. రూటర్లో 192.168.1.100 నుంచి 149 వరకే కేటాయించి ఉంటే యాభై పరికరాలకే సరి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కలిపి అంతకు మించితే మిగిలినవాళ్లకు ఇదే గతి. వార్డెన్‌కు చెప్పి ఆ పరిధిని 2 నుంచి 254 దాకా పెంచి, లీజు గడువును (ఒక చిరునామా ఒకరి పేరున ఉండే సమయాన్ని) 24 గంటల నుంచి రెండు గంటలకు తగ్గించమనండి.

చిరునామా సరిగ్గా వచ్చాక కూడా నెట్ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు రూటర్ చిరునామా 192.168.1.1కి, తర్వాత బయట ఉండే గూగుల్ సర్వరు 8.8.8.8కి పింగ్ కొట్టండి (పలుకుతుందో లేదో చూసే కమాండ్ ఇది). మొదటిది పలక్కపోతే తేడా గదికీ రూటరుకీ మధ్య. అది పలికి రెండోది పలక్కపోతే బయటి లైన్లో. రెండూ పలికి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌లో.

ప్రశ్న: ఐపీ అడ్రస్ ఉండగా మ్యాక్ అడ్రస్ దేనికి?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఉత్తరం మీది చిరునామా చివరిదాకా అదే, దాన్ని వేసిన సంచి మీది చీటీ మాత్రం ప్రతి సార్టింగ్ ఆఫీసులో మారుతుంది. ఐపీ ఉత్తరం మీది చిరునామా, మ్యాక్ (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే నంబరు) సంచి మీది చీటీ. మీ కంప్యూటర్ ముందుగా ‘192.168.1.1 ఎవరిది?’ అని అందరికీ వినపడేలా అడుగుతుంది. రూటర్ తన 48 బిట్ల మ్యాక్ చెబుతుంది. ఈ పద్ధతి పేరు ఏఆర్‌పీ. ప్యాకెట్టు రూటర్ దాటగానే పాత మ్యాక్‌లు పోయి కొత్తవి పడతాయి. ఇళ్లలో రూటర్, ప్యాకెట్టు పంపినవారి ఐపీని కూడా మార్చి తనది పెడుతుంది; అది న్యాట్ పని, దాని సంగతి వేరే.