మిషన్ ముందు పీటేసుకుని కూర్చో

చి.ల.సౌ. చిన్నమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మొన్న నువ్వు ఫోన్లో మీ వాషింగ్ మిషన్ దగ్గర నీళ్లు కారుతున్నాయని ఏడుపుగొంతుతో చెప్పిందంతా విన్నాక రెండు రోజులు అదే ఆలోచన. ఫోన్లో చెబితే సగం వంటింటి కుక్కర్ కూతల్లో పోతుంది, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, అల్లుడుగారికీ చదివి వినిపించు.

నువ్వు చెప్పినదాంట్లో నాకు గట్టిగా తగిలిన మాట ఒక్కటే. మిషన్ మెకానిక్ వచ్చి "మిషన్ బాగానే ఉంది మేడం, మీ పైపులైనే" అన్నాడు. ప్లంబరు వచ్చి "లైను బాగుంది, మిషనే" అన్నాడు. ఇద్దరికీ చెరో ఐదారొందలు ఇచ్చి పంపావు. కింది ఫ్లాటు ఆవిడ మాత్రం వాళ్ల సీలింగు మీద మరక పెరుగుతోందని వారానికోసారి గంట కొడుతోంది. వాళ్లిద్దర్లో అబద్ధం చెప్పినవాడు ఎవడూ లేకపోవచ్చు. వాళ్లొచ్చిన పావుగంటలో కారలేదు, అంతే. ఎప్పుడో ఒకప్పుడు కారే మిషన్‌ని, అది కారని వేళ వచ్చి చూసినవాడు ఎలా పట్టుకుంటాడు? అది నువ్వే పట్టుకోవాలి. ముప్పయ్యేళ్లు పిల్లలకి ఫిజికల్ సైన్సు చెప్పినదాన్ని, నా మాట నమ్ము. ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

ఈ ఆదివారం మిషన్‌ని కాస్త ముందుకి లాగించు. ఒక్కదానివే లాగకు, నడుం పడుతుంది. అడుగున, చుట్టూ పాత న్యూస్‌పేపర్లు పరువు. ఎప్పటిలాగే బట్టలు వేసి, ఓ పీటేసుకుని ఎదురుగా కూర్చో. గంటో గంటన్నరో పడుతుంది, కూరగాయలు తరుక్కోవచ్చు. ఏ కాగితం ముందు తడిసింది, ఆ సమయానికి మిషన్ ఏం చేస్తోంది, ఈ రెండే రాసుకో. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

నీళ్లు పట్టుకునేటప్పుడు వెనక తడిస్తే, అది కుళాయి నుంచి వచ్చే పైపు సంగతి. రెండు చివర్లా లోపల రబ్బరు వాషరు ఉంటుంది. అది ఎండి గట్టిపడితే పటకారుతో ఎంత బిగించినా చుక్క ఆగదు. పైగా ఆ బిగింపుకి ప్లాస్టిక్ నట్టు చిట్లుతుంది. వాషరు మార్చి చేత్తో బిగిస్తే చాలు. నీళ్లు పట్టేటప్పుడే ముందువైపు, పౌడరు డబ్బా దగ్గర నుంచి జారితే, ఆ సొరుగు బయటికి లాగి కడిగి ఎన్నాళ్లయిందో నీకే తెలియాలి. అడుగున పౌడరు గడ్డకట్టి దారి మూసుకుని ఉంటుంది.

ఉతికేటప్పుడు ముందు తడిస్తే తలుపు రబ్బరు చూడు. కింది మడత వేలితో విప్పి టార్చి వేసి చూడు. జాకెట్టు హుక్కులు, పిన్నీసులు, పిల్లాడి జేబులో మేకులు ఆ మడతలోనే చేరి చిన్న బొక్క పెడతాయి. బొక్క లేకపోతే నురగేమో చూడు. బోరు నీళ్లకి చేత్తో ఉతికితే నురగ రాదు కాబట్టి మనకి గుప్పెడు ఎక్కువ వేసే అలవాటు. నీది లాంటి ముందువైపు తలుపున్న మిషన్‌లో ఆ లెక్క పనికిరాదు. దానికి విడిగా అమ్మే తక్కువ నురగ పౌడరే వాడు, అదీ డబ్బా మీద రాసినంతే.

నీళ్లు వదిలేటప్పుడు తడిస్తే రెండు చోట్లు. ఒకటి, కింద కుడి మూల చిన్న మూత వెనక ఉండే ఫిల్టరు. దాన్ని తీసి కడిగి మళ్లీ బిగించేటప్పుడు మర మీద ఒక్క వెంట్రుక ఉన్నా, సగం మరే ఎక్కినా సన్నగా కారుతుంది. మీ పనమ్మాయి శుభ్రం చేశాకే మొదలైందన్నావు చూడు, నాకు అనుమానం అక్కడే. తీసేముందు ఓ పళ్లెం పెట్టుకో, రెండు మూడు లీటర్ల నీళ్లు వస్తాయి. వేడినీళ్ల ఉతుకుడు అయిన వెంటనే మాత్రం తియ్యకు. రెండోది వెనక డ్రెయిన్ పైపు. ఇది ఎలుకలకి ఎంత ఇష్టమో చెప్పలేను. అడుగునుంచి దూరి కొరికేస్తాయి. బొక్క పైపు పైభాగంలో ఉంటే, పంపు జోరుగా తోసినప్పుడే చిమ్ముతుంది. మెకానిక్ వచ్చి చూసే వేళకి ఆరిపోయి ఉంటుంది.

ఈ పైపు గురించి ఇంకో మాట. మన ఇళ్లలో దాన్ని నేల మీద జాలీ దగ్గర పడేస్తారు. పైన మూత ఉండే మిషన్లలో చాలావాటికి పంపు ఉండదు, నీళ్లు వాటంతటవే దిగాలి కాబట్టి పైపు కిందనే ఉండాలి. నీది అలా కాదు. నీ మిషన్ వెనక పైపు నడుం ఎత్తు దాకా లేచి, క్లిప్పులో నిలబడి, అప్పుడు కిందికి దిగాలి. క్లిప్పు ఊడి పైపు మొత్తం నేల మీద వాలితే, సైఫన్ పాఠం గుర్తుందా, నీళ్లు పట్టినవి పట్టినట్టే దిగిపోతుంటాయి. మిషన్ "ఇంకా నిండలేదు" అనుకుని పడుతూనే ఉంటుంది. జాలీ మింగలేక నేలంతా పారుతుంది. చూసేవాళ్లకి మిషన్ కారినట్టే ఉంటుంది.

బట్టలు పిండేటప్పుడు మాత్రమే తడిస్తే, మిషన్ ఊగుతోందేమో చూడు. పై మూలలు ఒక్కోటీ అరచేత్తో నొక్కు. ఏ కాలు గాల్లో ఉందో తెలుస్తుంది. మీరు ఇల్లు మారి ఏడాదయింది కదా, లారీలో వేసేటప్పుడు వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో కూడా చూడు. వాటితోనే తిప్పితే వంటింటి గిన్నెలు కూడా నాట్యం చేస్తాయి.

ఇక మిషన్ ఆపేసి ఉండగా డ్రమ్ములోకి నీళ్లు చేరుతున్నాయంటే, లోపలి వాల్వులో నలకో సున్నమో ఇరుక్కుని పూర్తిగా మూసుకోవడంలేదన్నమాట. ఇది నాకు అన్నిటికన్నా భయం. ఎందుకో చెబుతాను.

2011లో మేము బెజవాడ ఫ్లాటులో ఉన్నప్పుడు మీ పెదనాన్నా నేనూ తెనాలి పెళ్లికి వెళ్లాం. రెండు రోజులే కదా అని మిషన్ కుళాయి కట్టలేదు. అసలు అప్పటిదాకా ఏనాడూ కట్టలేదు. రాత్రి ఏ జామునో పైపు నట్టు చిట్లింది. కుళాయి జోరుగా ఉంటే 20 లీటర్ల బకెట్టు రెండు నిమిషాల్లో నిండుతుంది. గంటకి 600 లీటర్లు, లెక్క నువ్వే వేసుకో. పైన ట్యాంకు ఖాళీ అయితే ఆగాలి కదా అంటావేమో. మా అపార్ట్‌మెంటులో ఆ మధ్యే ఆటోమేటిక్ మోటారు పెట్టించారు. ట్యాంకు తగ్గగానే అదే సంపులోంచి తోడి పోసింది. తెల్లారి మెట్ల మీద నీళ్లు పారుతుంటే వాచ్‌మన్ చూశాడు. కింది ఫ్లాటు వాళ్లు నెల కిందటే చేయించుకున్న పీఓపీ సీలింగు హాలు మధ్యలో కూలిపడింది. పిల్లలు ఆ గదిలో పడుకోలేదు, అదే దేవుడి దయ. మేం ఇచ్చుకున్న డబ్బు సంగతి సరే, ఆ ఇల్లాలు ఉన్నన్నాళ్లూ నా మొహం చూసినప్పుడల్లా ఓసారి పైకి చూసేది.

కాబట్టి ఉతకడం అవగానే కుళాయి కట్టు, స్విచ్చి ఆపు. కుళాయి మిషన్ వెనక చెయ్యి దూరని చోట ఉంటే, పక్కకి మార్పించు. ముందు ఆ ఖర్చు పెట్టు. కుళాయి నుంచి మిషన్‌కి వచ్చే ఇన్లెట్ పైపు నాలుగైదేళ్లకోసారి కారకపోయినా మార్చేసెయ్.

మిషన్ అప్పుడప్పుడూ నీళ్లు రావడంలేదని గంట కొట్టి ఆగిపోతోందన్నావు. మీ బిల్డింగు ఐదంతస్తులు, నువ్వు మూడోదాంట్లో. ట్యాంకు నీ కుళాయికి ఎనిమిది తొమ్మిది మీటర్ల పైనుంది. పది మీటర్ల నీటి మట్టానికి దాదాపు ఒక వాతావరణ పీడనం, కాబట్టి నీకు ఒత్తిడి తక్కువేం కాదు. ఐదో అంతస్తు వాళ్లయితే వేరే మాట. నీ విషయంలో, పైపు మిషన్‌కి తగిలే చోట వేలిగోరంత జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోయింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడుగు. మెకానిక్ మిషన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలన్నాడన్నావు కదా, ఈ జల్లెడ కడిగేదాకా బోర్డు మాటే ఎత్తనివ్వకు. నాకొకడు అలాగే బోర్డు మార్చి వేల రూపాయలు పట్టుకుపోయాడు. జబ్బు జబ్బుగానే ఉంది.

నిజాంపేటలో మంజీరా నీళ్లు వచ్చినా అవి మీ వంటింటికే అన్నావు. వాష్ ఏరియాకి బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు. తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చు అని ఉంది. ఒకసారి మీ నీళ్లు పరీక్ష చేయించు. నీళ్లు వేడెక్కినకొద్దీ సున్నం హీటరు కడ్డీకి పేరుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి బట్టలు లేకుండా, వంద గ్రాముల నిమ్మ ఉప్పు డ్రమ్ములో వేసి 60 డిగ్రీల మీద తిప్పు. ఆ రోజు బ్లీచింగు జోలికి పోకు. ఆ రెండూ కలిస్తే వచ్చే వాయువు ఊపిరాడనివ్వదు.

ఇంత చూశాక కాగితాలన్నీ పొడిగానే ఉన్నాయనుకో. అప్పుడు ప్లంబరు మాట తప్పు, అది నేల సంగతి. వాష్ ఏరియాలో జాలీ కింద నీళ్లు పోయే నహానీ ట్రాపులో గుడ్డ గట్టిగా కుక్కి, రెండంగుళాల నీళ్లు కట్టి, గోడ మీద సుద్దతో గీత గియ్యి. ఒక రోజంతా అలాగే ఉంచు. గీత నుంచి నీళ్లు బాగా దిగితే టైల్స్ సందుల్లోంచి పోతున్నాయి. దిగకపోతే, గుడ్డ తీసి నీళ్లు వదిలాక కింద మరక తడిస్తే, ట్రాపు చుట్టూ ఉన్న అతుకే. నీళ్లలో కాస్త నీలిమందు కలుపు. కింద మరక నీలం తిరిగితే సందేహమే లేదు. తిరగకపోతే మాత్రం మనది కాదని నిర్ధారించుకోకు, శ్లాబులో రంగు వడకట్టుకుపోవచ్చు.

ఈ పరీక్ష పెట్టేముందు కింది ఆవిడ దగ్గరికి నువ్వే వెళ్లు. ఆవిడ మళ్లీ గంట కొట్టేదాకా ఆగకు. "అక్కా, ఫలానా రోజు నీళ్లు కడుతున్నాం, మీరూ చూస్తూ ఉండండి" అని చెప్పు. మరక ఫొటో తేదీతో తీసుకో. తప్పు మనదే అని తేలితే బాగుచేయిస్తామని ముందే అను. తేలకుండా ఒప్పుకోకు. వాళ్ల పైన మీ బాత్రూము లైనూ ఉంది, మీ పక్క ఫ్లాటుదీ ఉంది.

ఎప్పుడైనా నిద్ర లేచేసరికి నేలంతా నీళ్లుంటే, పరిగెత్తి మిషన్ ప్లగ్గు పీకకు. పొడి నేల మీద నిలబడి మెయిన్ బోర్డులో ఆ లైను ఆపు. తర్వాతే అడుగు పెట్టు. మీ బోర్డులో కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? ఉంటే దాని మీది టెస్టు బటను నెలకోసారి నొక్కు, టక్కున పడాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించు, ఎర్తింగు కూడా చూడమను.

తడిసిన గోడకి పెయింటరు వెంటనే లప్పం పెడతానంటాడు. పెట్టనివ్వకు. లోపల చెమ్మ ఉండగా పెడితే వానాకాలానికి పెచ్చులై రాలుతుంది. అరచేయంత పాలిథిన్ ముక్క నాలుగు పక్కలా టేపు వేసి గోడకి అంటించు. ఒక రోజు తర్వాత గోడవైపు చెమటపడితే ఇంకా ఆరలేదు. ఫ్యాన్లు వేసి, కిటికీలు తీసి వారాలు ఆగాల్సిందే. కింది వాళ్ల శ్లాబులో ఇనుప కడ్డీ కనిపిస్తోందా అని కూడా చూడు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అదే సిమెంటుని తోసి పెచ్చులు రాలుస్తుంది. అది కనిపిస్తే మేస్త్రీతో కాదు, ఇంజినీరుతో మాట్లాడాలి. నీళ్లకి ఉబ్బిన మీ సింకు కింది అరలు ఎటూ మార్చాలి కాబట్టి, ఈసారి నీళ్లకి తట్టుకునేది, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడుగు.

కాగితాల సంగతి. "మోటారుకి పదేళ్లు" అని పెట్టె మీద పెద్దగా రాసి ఉంటుంది. అది మోటారుకే. కారేది, కాలేది మిగతావి. మీది కొని రెండేళ్లు కాలేదు కాబట్టి వారంటీ కార్డు చదువు. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ జాబ్ షీటు మీద "కారడం" అనే మాట రాయించి ఫొటో తీసుకో. నాలుగుసార్లు వచ్చి బాగుచెయ్యకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది వినియోగదారుల హెల్ప్‌లైను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నువ్వుండే ఊళ్లోనే వెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. ఇంటి లోను తీసుకున్నప్పుడు భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఏమైనా అంటగట్టారేమో వెతుకు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ పాలసీలో పైపు పగిలి, ట్యాంకు పొంగి జరిగిన నష్టం ఉంది. నెలల తరబడి ఊరిన చెమ్మకి ఇస్తారని ఆశ పెట్టుకోకు.

ఆదివారం మధ్యాహ్నం నుంచి ఫోన్ దగ్గరే ఉంటాను. తడిసిన కాగితాలు మడిచి పారేసేముందు ఫొటో తీసి పంపు, నేనూ చూడాలి. పాత ఇన్లెట్ పైపు మారిస్తే అదీ పారెయ్యకు, ఇక్కడ మందార చెట్టుకి నీళ్లు పెట్టడానికి పొట్టిదైపోయింది మా పైపు.

మీ పెద్దమ్మ