మోషన్ టెస్టు నార్మల్ వచ్చినా బాబుకు ఎరుపు తగ్గలేదు, ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. నెల రోజులుగా మలద్వారం చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంటోంది. దురద. మోషన్‌కు వెళ్లాలంటే ఏడుస్తాడు, రెండుసార్లు రక్తపు చార కనిపించింది. నులిపురుగులనుకుని ఆల్బెండజోల్ వేశాం, ఫంగస్ క్రీమ్ రాశాం, తగ్గలేదు. మోషన్ టెస్టు నార్మల్. ఇప్పుడు స్వాబ్ టెస్టు రాశారు. రెండూ ఒకటే కదా? బాబుకు నొప్పి పుడుతుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఒకటి కాదమ్మా. డాక్టరుగారి అనుమానం గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ మీద ఉండి ఉంటుంది. గొంతునొప్పి తెచ్చే క్రిమే అది. పదేళ్లలోపు పిల్లల్లో ఇలా కింది చర్మానికీ పట్టుకుంటుంది. ఎరుపు గీత గీసినట్టు అంచు కట్టి ఉంటుంది, జ్వరం సాధారణంగా రాదు. ఫంగస్ అయితే ఆ ఎరుపు బయట విడివిడిగా చిన్న పొక్కులు లేస్తాయి.

మామూలు మోషన్ టెస్టులో చూసేది పురుగుల గుడ్లు, అమీబా. కల్చర్‌కు, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకు పంపినా విరేచనాల క్రిములనే వెతుకుతారు. అందుకు వాడే మెకాంకీ అగార్ (క్రిముల్ని పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద స్ట్రెప్టోకాకస్ (స్ట్రెప్) పెరగదు. ఆ 'నార్మల్'తో ఇది లేదని తేలదు.

స్వాబ్ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయించాలి. ఆ రోజు క్రీమ్, పౌడర్ రాయకండి. దూది పుల్ల లాంటి స్వాబ్‌ను స్టెరైల్ సెలైన్‌లో తడిపి, ఎర్రగా, చెమ్మగా ఉన్న చర్మం మీద నాలుగైదుసార్లు తిప్పుతూ రుద్దుతారు. లోపలికి పెట్టరు. కాస్త మంటే తప్ప ఇంకేం ఉండదు. తర్వాత ఏమీస్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం (దారిలో క్రిములు చావకుండా కాపాడే పదార్థం) ఉన్న గొట్టంలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

అసలు తిరకాసు స్వాబ్‌తోపాటు ల్యాబ్‌కు పంపే ఫారం దగ్గరే. 'స్వాబ్ కల్చర్' అని మాత్రమే రాస్తే 'మలంలో మామూలుగా ఉండే క్రిములే' అన్న రిపోర్టు చేతికొచ్చే ప్రమాదం ఉంది. 'మలద్వారం చుట్టూ చర్మం, గ్రూప్ ఎ స్ట్రెప్ కోసం' అని రాయించండి. అప్పుడు 5 శాతం గొర్రె రక్తం కలిపిన అగార్ మీద వేసి, 35–37 డిగ్రీల్లో ఉంచి, మర్నాడు చూస్తారు, లేకపోతే 48 గంటలకు మరోసారి. స్ట్రెప్ ఉంటే సన్నటి చుక్కల్లా పెరుగుతుంది, వాటి చుట్టూ రక్తం కరిగి తేటగా కనిపిస్తుంది. అయితే మలంలోని ఈకొలై, ప్రోటియస్ ప్లేటంతా పరుచుకుని ఆ చుక్కల్ని కప్పేస్తాయి. వాటిని అణచడానికే కొలిస్టిన్, నాలిడిక్సిక్ యాసిడ్ కలిపిన అగార్ కూడా వాడాలి. కొన్ని ల్యాబ్‌లు గొర్రె రక్తం దొరక్క బ్లడ్ బ్యాంకులో మిగిలిన మనిషి రక్తం వాడతాయి. దానిమీద ఆ తేట సరిగా తెలియదు. ముందే అడగడం తప్పేం కాదు.

నిమిషాల్లో తేల్చే ర్యాపిడ్ టెస్టు గొంతు కోసం తయారైనది. ఇక్కడ పాజిటివ్ వస్తే పనికొస్తుంది, నెగెటివ్ వస్తే కల్చర్ చేయించాల్సిందే.

స్ట్రెప్ తేలితే సాధారణంగా నోటి యాంటీబయాటిక్ ఇస్తారు. అమాక్సిసిలిన్ అయితే మామూలుగా 10 రోజులు, మోతాదు బరువును బట్టి. మూడో రోజుకే ఎరుపు తగ్గిందని ఆపేయకండి. ఇది తిరగబెట్టే రకం. మళ్లీ వస్తే బాబు గొంతు నుంచీ, ఇంట్లో ఉన్న తోబుట్టువుల గొంతు నుంచీ స్వాబ్ తీయించాలేమో అడగండి.