అమ్మగారి మంచం దగ్గర నుంచి చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం. ముందు గదికి 43 అంగుళాల టీవీ కొనాలి. రెండు మోడళ్ల దగ్గర ఆగిపోయాం. ఒకటి వీఏ ప్యానెల్ ఉన్న క్యూఎల్‌ఈడీ, డాల్బీ విజన్ ఉంది. రెండోది ఐపీఎస్ ప్యానెల్ ఉన్న మామూలు ఎల్‌ఈడీ, హెచ్‌డీఆర్10 వరకే. రెండూ 4కే, 60 హెర్ట్జ్, వెలుగు 300 నిట్స్ లోపే. మొదటిది మూడు వేలు ఎక్కువ, షాపులో బొమ్మ మాత్రం అదే బాగుంది. అమ్మ పగలంతా గోడవార మంచం మీద కూర్చుని పక్కనుంచి తెలుగు సీరియళ్లు చూస్తుంది. పిల్లలవి ఒడియా ఛానెళ్లు, నాది రాత్రి క్రికెట్. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు

జవాబు: రెండోదే కొనండి. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది: అమ్మగారి మంచం.

పక్కపక్కన పెట్టి ఎదురుగా నిలబడి చూస్తే మొదటిదే బాగుంటుంది, కాదనను. వీఏ, ఐపీఎస్ అనేవి తెర తయారీలో రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు నల్లగా ఉంటుంది. తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా, అదే కాంట్రాస్ట్, ఐపీఎస్‌లో సుమారు 1000కి 1 అయితే వీఏలో 3000 పైనే. లైట్లు ఆర్పి సినిమా చూస్తే ఐపీఎస్‌లో రాత్రి ఆకాశం బూడిదరంగుకి తిరుగుతుంది. అయితే వీఏకి ఎదురుగా కూర్చోవాలి. పక్కకి జరిగేకొద్దీ రంగులు పాలిపోతాయి.

పర్లాకిమిడిలో 26 ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. అయినా 2019లో మా ఇంటికి కొన్నప్పుడు షాపులో కనబడిన బొమ్మనే నమ్మి వీఏ తీసుకున్నాను. మా అత్తగారు గుమ్మం పక్కన పీట వేసుకుని, చింతపండు పిక్కలు తీస్తూ చూసేవారు. నాలుగో రోజు అడిగారు: "ఏం బాబూ, అందరూ మొహాలకి పిండి రాసుకున్నారేం?" వెళ్లి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను. నిజమే. తెరమీద ఎర్రచీర వెలిసిపోయి గులాబీరంగులో ఉంది. లేచి ఎదురుగా వస్తే మళ్లీ ఎరుపే. ఆవిడ చూపులో లోపం లేదు, టీవీలో రిపేరూ లేదు. చివరికి ఆవిడ పీటే మార్చాల్సి వచ్చింది. గాలి తగిలే చోటు పోయింది పాపం. అది నాకు ఇప్పటికీ బాధే.

డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 రెండూ వెలుగునీడల తేడా బాగా చూపించే పద్ధతులు. డాల్బీ విజన్ మంచిదే. సీన్ సీన్‌కీ వెలుగు ఎంత ఉండాలో అది టీవీకి చెబుతుంది. హెచ్‌డీఆర్10లో సినిమా మొత్తానికీ ఒకటే లెక్క. కాకపోతే అలాంటి సినిమాలకి చాలావరకు 1000 నిట్స్, ఆపైన వెలుగు చూపే తెరమీద రంగులు సరిచేస్తారు. 300 లోపు తెరమీద ఆ మెరుపు ఎక్కడినుంచి వస్తుంది? క్యూఎల్‌ఈడీ అన్న పేరు చూసి ఓఎల్‌ఈడీ అనుకునేవాళ్లూ ఉన్నారు. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనే వెలిగి తనే ఆరుతుంది. క్యూఎల్‌ఈడీ అంటే రంగులు చిక్కబడే పొర అదనంగా ఉన్న మామూలు ఎల్‌ఈడీ తెరే, అంతే. ఆ రంగు ఎదురుగా కూర్చునే మీకు బాగుంటుంది, అమ్మగారి దాకా పూర్తిగా రాదు.

సీరియళ్ల విషయం కూడా చెప్పాలి. కేబుల్‌లో వచ్చే ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కాని మామూలు ఛానెల్‌కి బొమ్మలో 576 గీతలే. 4కే తెరకి 2160 కావాలి, మిగతావి టీవీయే ఊహించి నింపుకుంటుంది. మిగిలే మూడు వేలలో కొంత హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సుకి పెట్టండి, అమ్మగారికి తేడా తెలుస్తుంది. క్రికెట్‌కి రెండూ ఒకటే, రెండింటిలోనూ బొమ్మ సెకనుకి 60 సార్లే (60 హెర్ట్జ్) మారుతుంది. డబ్బా మీద 'మోషన్ రేట్ 120' అని ఉన్నా ప్యానెల్ 60 హెర్ట్జే కావచ్చు.

కొనే ముందు మరోసారి షాపుకి వెళ్లండి. మీ ఫోన్‌లో తీసిన ఇంట్లోవాళ్ల వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి రెండింటిలోనూ వేయించండి. షాపువాళ్లు టీవీని 'వివిడ్' మోడ్‌లో ఉంచుతారు, 'సినిమా' మోడ్‌కి మార్చమనండి. తర్వాత మీ గదిలో మంచం ఎంత పక్కకి ఉందో అంత పక్కకి జరిగి, అంత ఎత్తులోనే కూర్చుని, తెలిసిన మొహాల రంగు చూడండి. ఒకే సిరీస్‌లో 43కి ఒక ప్యానెల్, 50కి ఇంకో ప్యానెల్ రావడం మామూలే. కాబట్టి చివరి నిమిషంలో సైజు మారిస్తే ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ఒక్క మాట. వానాకాలంలో మా కొట్టుకి వచ్చే టీవీల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ పోర్టు మాడిపోయి ఉంటుంది. పిడుగు కరెంటు కేబుల్ వైరులోంచి కూడా వస్తుంది. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు కేబుల్ కూడా పీకేయండి. ఉరుము వినబడ్డాక మాత్రం ఆ వైర్లు ముట్టుకోవద్దని పిల్లలకి నేర్పండి.