ధర దిగింది, మరి కంతు దిగిందా?

ప్రశ్న: అయ్యా, నేనూ నా భర్తా ఇద్దరమూ ఉద్యోగులమే. తిరుచానూరు రోడ్డు, అవిలాల వైపు రెండేళ్లుగా ఇల్లు చూస్తున్నాము. నిరుడు 56 లక్షలు చెప్పిన రెండు పడకగదుల ఫ్లాటును ఆ యజమానే ఇప్పుడు 50 లక్షలకు ఇస్తానంటున్నారు. ‘ఇంకా దిగుతుంది, ఆగండి’ అని మా నాన్నగారు అంటున్నారు. ‘వడ్డీలు తగ్గాయి, ధరలు మళ్లీ లేస్తాయి, ఈ వారమే బయానా ఇచ్చేయండి’ అని మధ్యవర్తి తొందరపెడుతున్నారు. మా చేతిలో 12 లక్షలున్నాయి. నెలకు 28 వేల దాకా కంతు కట్టగలము. ఎవరి మాట వినమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ ఇద్దరి మాటలూ కాసేపు పక్కన పెట్టి, ముందు మీ లెక్క చూద్దాం. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే 28 వేల కంతుకు వచ్చే అప్పు సుమారు 33.5 లక్షలు. 50 లక్షల ఇంటికి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 3.75 లక్షలు అవుతాయి. అవి పోగా మీ 12 లక్షల్లో మిగిలేది 8.25 లక్షలు. అప్పునూ దీనినీ కలిపినా 42 లక్షలు దాటడం లేదు. 6 లక్షలు తగ్గిన తర్వాత కూడా ఆ ఫ్లాటు మీకు మరో 8 లక్షల దూరంలో ఉంది. నిరుటి ధరతో పోల్చి చూస్తే చవకగా కనిపిస్తుంది గానీ, మీ జీతాలతో పోల్చి చూస్తే ఇంకా ప్రియమే.

గడువును 25 ఏళ్లకు పెంచుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. అప్పుడు అదే కంతుకు అదనంగా వచ్చే అప్పు 2.8 లక్షలు మాత్రమే. దానికోసం మీరు మరో 60 నెలలు 28 వేల చొప్పున, అంటే 16.8 లక్షలు కట్టవలసి ఉంటుంది. ఆ దారి నేను చూపించలేను.

ఇక వడ్డీ తగ్గితే ధర లేస్తుందన్న మాట. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా విడతలుగా రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని, 6.5 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించిన మాట నిజమే. వడ్డీ ఒక శాతం తగ్గితే మీ కంతుకు వచ్చే అప్పు రెండున్నర లక్షలకు పైగా పెరుగుతుంది కాబట్టి, కొనేవారి శక్తి పెరగడమూ నిజమే. అయితే ధరలు దిగుతున్న కాలంలో అదొక్కటే చాలదు. అమెరికాలో 2007 సెప్టెంబరులో 5.25 శాతంగా ఉన్న కేంద్ర బ్యాంకు వడ్డీ 2008 డిసెంబరుకల్లా దాదాపు సున్నాకు చేరింది. ఇళ్ల ధరలు మాత్రం 2012 తొలినాళ్ల దాకా పడుతూనే వచ్చాయి. ఉద్యోగాలు పోయినవారికి వడ్డీ ఎంత తగ్గినా ఒరిగేదేముంది? పైగా దెబ్బతిన్న బ్యాంకులు కొత్త అప్పులకు చేయి బిగించాయి. జపానులో 1999లో వడ్డీని సున్నాకు తెచ్చిన తర్వాత కూడా భూముల ధరలు ఏళ్ల తరబడి దిగాయి.

మీ నాన్నగారి మాటలో అనుభవం ఉంది. అయితే ఎంతవరకు ఆగాలన్నది ఆయన చెప్పలేదు. దాన్ని మీ లెక్కే చెబుతుంది. ఒకే కంతుకు రెండు రకాల ఇళ్లు వస్తాయి. వడ్డీ 7 శాతం ఉన్నప్పుడు 28 వేలకు 36.1 లక్షల అప్పు వస్తుంది, 9 శాతం ఉన్నప్పుడు 31.1 లక్షలే వస్తుంది. మొదటి అప్పు తీసుకున్నాక వడ్డీ 9కి పెరిగితే కంతు దాదాపు 32,500 అవుతుంది. రెండో అప్పు తీసుకున్నాక వడ్డీ 7కు తగ్గితే కంతు 24,100కు దిగుతుంది. కొన్న ధర మళ్లీ మారదు, వడ్డీ మారుతూనే ఉంటుంది. అందుకే వడ్డీ తగ్గిందన్న ఉత్సాహంలో ధర విషయంలో మెత్తబడవద్దని, బేరమంతా ధర మీదనే ఆడాలని నా గట్టి అభిప్రాయం.

ఆ బేరానికి వెళ్లేముందు యజమాని చెప్పే ధరను నమ్ముకోకండి. మార్కెట్టు దిగేటప్పుడు అమ్మేవారు వెంటనే ధర దించరు. కొన్నాళ్లు బోర్డు పెట్టి ఎదురుచూస్తారు, ముందు తగ్గేది అమ్మకాల సంఖ్య. అదే అపార్టుమెంటులో ఇటీవల ఎంతకు తెగిందో ఇరుగుపొరుగును విచారించండి.

మరో రెండు చిక్కులున్నాయి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహ రుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. మీరు 50 లక్షలకు ఒప్పుకున్న ఇంటికి బ్యాంకు వాల్యుయరు 45 లక్షలే రాస్తే అప్పు 36 లక్షల దగ్గర ఆగుతుంది, మిగతా 14 లక్షలు మీరే తేవాలి. అందువల్ల అప్పు మంజూరు కాకపోతే బయానా వాపసు ఇవ్వాలన్న షరతును అగ్రిమెంటులో రాయించుకోకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రెండోది, రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ కన్నా తక్కువకు కొన్నా స్టాంపు డ్యూటీ ఆ విలువ మీదే పడుతుంది. తేడా పది శాతం దాటితే ఆదాయపు పన్నులో ఆ తేడాను మీ ఆదాయంగా లెక్కగట్టే నిబంధన కూడా ఉంది.

42 లక్షలకు యజమాని దిగితే తీసుకోండి. దిగకపోతే మరికొంత కూడబెట్టే దాకా అద్దె ఇంట్లో ఉండడంలో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: 2021లో 7 శాతం వడ్డీకి 30 లక్షలు తీసుకున్నాను. వడ్డీ పెరిగినా కంతు మారలేదని సంతోషించాను. ఇప్పుడు చూస్తే అప్పు తాలూకు అసలు సొమ్ము కదిలినట్టే లేదు. మా వీధిలో అంకణం (స్థలం కొలత) ధర కూడా తగ్గింది. ఇల్లు అమ్మేయమంటారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అమ్మవద్దు. మీరు కాపురముంటున్న ఇంటికి వీధిలో ధర తగ్గినంత మాత్రాన మీ జేబు నుంచి పోయిందేమీ లేదు. పోతున్నదంతా కంతులోనే పోతోంది. 20 ఏళ్ల గడువుకు మీ కంతు సుమారు 23,260 ఉండాలి. అప్పు అంతే ఉండగా వడ్డీ 9 శాతమైతే నెల వడ్డీయే 22,500. అసలుకు చేరేది 760 రూపాయలే, ఆ లెక్కన అప్పు తీరడానికి 38 ఏళ్లు పడుతుంది. 9.5 శాతమైతే కంతు వడ్డీకే చాలదు.

ఇలా జరగకూడదనే, వడ్డీ మారినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది రుణగ్రహీతను అడిగి తీరాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. మీ బ్యాంకు శాఖకు వెళ్లి ప్రస్తుత వడ్డీ ఎంత, మిగిలిన గడువు ఎంత అన్నది కాగితం మీద అడిగి తీసుకోండి. మీ అప్పు రెపోకు ముడిపడి ఉంటే 2025 తగ్గింపులు ఈపాటికి మీకు అంది ఉండాలి. అందకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వడ్డీ తగ్గినా కంతు తగ్గించమని అడగకండి, గడువు తగ్గించమనండి. మారే వడ్డీ మీద తీసుకున్న గృహ రుణాన్ని ముందుగా కట్టినందుకు వ్యక్తుల నుంచి రుసుము వసూలు చేయకూడదు కాబట్టి, బోనసో చీటీ డబ్బో చేతికి వచ్చిన నెలలో దాన్ని నేరుగా అసలుకు జమచేయించి రసీదు తీసుకోండి.