బ్లూ స్క్రీన్ వచ్చిందని అప్పు చేస్తారా?

ప్రశ్న: ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తుంటాను. డెస్క్‌టాప్ కొని ఎనిమిదేళ్లయింది. అందులో 4 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండున్నాయి, 2400 వేగానివి. అవి సరిపోక పోయిన నెల 8 జీబీవి ఇంకో రెండు, 3200 వేగానివి కొని పక్కనే వేశాను. అప్పటి నుంచి రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారు చేయడం) సగంలో ఉండగా కంప్యూటర్ ఆగిపోయి, ఎర్రర్ చూపించే బ్లూ స్క్రీన్ వస్తోంది. పాతది పని అయిపోయిందని, కొత్త సిస్టమ్ కొందామనుకుంటున్నాను. ఒక లోన్ యాప్ వాళ్లు నెలకు 3 శాతం వడ్డీకి ఏడాది గడువుతో ఇస్తామంటున్నారు. బ్యాంకులో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. అప్పు తీసుకోనా, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ ఆపి కొననా?

జవాబు: రెండూ వద్దు. మీ ప్రశ్ననే ఎంచుకోవడానికి కారణముంది. లోపం ఎక్కడుందో తెలియకముందే అప్పుకు సిద్ధమయ్యేవాళ్లు నాకు తరచూ రాస్తుంటారు. కారైనా, ఫ్రిజ్ అయినా, కంప్యూటర్ అయినా కథ ఇదే. వస్తువు మొరాయించగానే కొత్తది, కొత్తది అనగానే ఈఎంఐ.

ఆ 3 శాతం సంగతి చూద్దాం. ఇలాంటి చోట్ల వడ్డీని చాలాసార్లు మొదట తీసుకున్న మొత్తం మీదే లెక్కగడతారు. మీదీ అలాంటిదే అయితే 100 తీసుకున్నందుకు 12 నెలల్లో 136 కట్టాలి. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ పైసా తగ్గదు. కాబట్టి మీ మీద నిజంగా పడేది నెలకు 5 శాతం పైమాటే, అంటే ఏడాదికి 60 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే ఇంకా ఎక్కువ. ఎడిటింగ్ చేసి అంత లాభం తెచ్చే మెషిన్ ఏదైనా ఉంటే నాకూ చెప్పండి.

ఇక కంప్యూటర్. ర్యామ్ వేశాకే గొడవ మొదలైందని మీరే రాశారు. అలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది ర్యామ్‌నే, మొత్తం సిస్టమ్‌ని కాదు. కొత్త స్టిక్కులు రెండూ తీసేసి, పాతవాటితోనే నాలుగైదు రోజులు పని చేయండి. బ్లూ స్క్రీన్ ఆగిపోతే మీ మెషిన్ బాగానే ఉన్నట్టు. క్లయింట్ల ఫుటేజ్‌ని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవాల్సిందీ ఈ రోజుల్లోనే. ర్యామ్‌లో లోపముంటే కాపీ అయ్యే ఫైలు కూడా చప్పుడు లేకుండా పాడవుతుంది. అందుకే ముందు స్టిక్కులు తీయాలి, ఆ తర్వాతే బ్యాకప్.

తర్వాత పాతవి తీసి కొత్తవి రెండే వేయండి. ఏ స్లాట్లలో వేయాలో మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి, ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. డబ్బా మీద రాసే 3200 చాలాసార్లు ఎక్స్‌ఎంపీ పెడితేనే వచ్చే వేగం. స్టిక్ దాన్ని తట్టుకుంటుందని కంపెనీ చెబుతుంది గానీ, మీ పాత ప్రాసెసర్ తట్టుకుంటుందని కాదు. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు, అంటే నాలుగుసార్లు పరీక్ష చేస్తుంది. ఉదయానికి ఎర్రర్ల సంఖ్య సున్నా ఉండాలి. ఒక్కటే కదా అని సరిపెట్టుకోవద్దు, ఒక్కటున్నా లోపమే.

ఎర్రర్లు వస్తే ఒక్కో స్టిక్‌ని విడిగా పరీక్షించండి. ఏ స్లాట్‌లో పెట్టినా ఒకే స్టిక్ తప్పు చూపిస్తే అది వెనక్కి పంపాల్సిన సరుకు. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పు వస్తుంటే తేడా బోర్డులో ఉన్నట్టు. కొత్త స్టిక్కులు రెండూ శుభ్రంగా పాసై, పాతవాటితో నాలుగు కలిపితేనే పడిపోతుంటే అసలు చిక్కు జోడీ కుదరకపోవడం. నాలుగు స్లాట్లూ నిండితే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది. ఏఎండీ కంపెనీ మొదటి తరం రైజెన్ ప్రాసెసర్‌నే తీసుకోండి. సింగిల్ ర్యాంక్ (చిప్‌లు ఒకే వరుసగా పనిచేసే) స్టిక్కులు రెండుంటే 2666 వరకు అన్న ఏఎండీ, నాలుగుంటే 2133 అనే చెప్పింది. పాత 4 జీబీ స్టిక్కులు పక్కన పెట్టేసి కొత్త 16 జీబీతోనే నడపండి. 24 కావాలన్న పంతంతో పని పోగొట్టుకోవద్దు. కొత్తవి పాసైనా బ్లూ స్క్రీన్ వస్తుంటే పవర్ సప్లయ్, డిస్క్ చూపించండి. వాటిని మార్చినా కొత్త సిస్టమ్ ఖర్చులో కొంతే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది బ్లూ స్క్రీన్ కాదు, ‘ఒక నెల ఖర్చులు’ అన్న మాట. నెల జీతం వచ్చేవాళ్లకే ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలంటాను. క్లయింట్ ఎప్పుడు డబ్బులేస్తే అప్పుడే ఆదాయం అనుకునే మీకు తొమ్మిది నెలలైనా కావాలి. అది లేకపోబట్టే ఒక స్టిక్ మొరాయిస్తే లోన్ యాప్ వైపు చూడాల్సి వచ్చింది. రేపు జ్వరంతో రెండు వారాలు మంచం పడితే? క్లయింట్ బిల్లు మూడు నెలలు నానబెడితే? అప్పుడూ ఆ యాపే దిక్కా? ఉన్న కాస్త డబ్బును ముట్టుకోకుండా 60 శాతానికి అప్పు తేవడాన్ని పొదుపు అనరు. ప్రతి పేమెంట్‌లో పదో వంతు, వీలైతే ఐదో వంతు, వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి.

కొత్త కంప్యూటర్ ఖర్చును మాత్రం ఈ అత్యవసర నిధిలో కలపొద్దు. ఎనిమిదేళ్ల మెషిన్ ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందని తెలిసిందే, అది అత్యవసరం కిందికి రాదు. దాని ధరను 36తో భాగించి ఆ మొత్తాన్ని నెలనెలా విడిగా పెట్టండి.

సిప్ కొనసాగించండి, నిధికి మరీ కటకటగా ఉంటే సగానికి తగ్గించండి. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే వెంటనే తీసుకోండి. క్రెడిట్ కార్డు ఈఎంఐ ఆ యాప్ కంటే నయమే, అయినా ఇప్పుడు అవసరం లేదు.

లోన్ యాప్‌లో వివరాలు నింపేసి ఉంటే దరఖాస్తు రద్దు చేసి, కాంటాక్టులు, ఫొటోలకు ఇచ్చిన అనుమతులు తీసేయండి. కొత్త స్టిక్కుల బిల్లు వెతికి రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. నాలుగైదు రోజులు ఆగేంత గడువు లేకపోతే బ్యాకప్ పూర్తి కాగానే ఆ రాత్రే మెమ్‌టెస్ట్ పెట్టండి.