ఈసీయూ మార్చే ముందు ఎర్త్ చూడండి

ప్రశ్న: సార్, మాది 2008 మోడల్ పెట్రోల్ కారు. మొన్నటి పెద్ద వానకి నీళ్లలోంచి తెచ్చాం, మర్నాటి నుంచి సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదు. స్కానర్ కనెక్ట్ కావట్లేదు కాబట్టి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బా) పోయినట్టేనని, రాణిగంజ్‌లో సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేస్తానని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇప్పుడే వద్దండి. కరెంటు అందకపోయినా ఈసీయూ స్కానర్‌కి దొరకదు. తాళం ఆన్ చేసి డాష్‌బోర్డు చూడండి, చెక్ ఇంజిన్ లైటు అసలు వెలగకపోతే ముందు ఈసీయూ ఫ్యూజు, దానికి కరెంటు కలిపే మెయిన్ రిలే, ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే వైరు) ఈ మూడూ తేల్చుకోవాలి. నీళ్లలో తడిసిన పాత బండి అంటే నా మొదటి అనుమానం ఎర్త్ మీదే. మల్టీమీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి, అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగించాల్సిందే. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేసి ఈసీయూ ప్లగ్గు ఊడదీయండి, పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. సెన్సర్లకి ఈసీయూ 5 వోల్టులు ఇస్తుంది. ఒక్క సెన్సర్ లోపల షార్టయినా, దానికెళ్లే 5 వోల్టుల వైరు బాడీకి తగిలినా ఆ 5 వోల్టులు పడిపోయి కొన్ని బండ్లలో ఈసీయూ మొత్తం మూగబోతుంది. సెన్సర్ ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడమనండి, ఏది పీకితే 5 వోల్టులు తిరిగొస్తాయో తప్పు అక్కడే. ఇగ్నిషన్ కాయిల్లో షార్టుండి ఈసీయూ కాలిపోయి ఉంటే అది తేల్చకుండా వేసిన రెండోదీ కాలిపోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా నిజంగా పోయిందని తేలితే, పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి. డబ్బా ఒకేలా ఉంది కదా అని తీసుకోవద్దు. హైదరాబాద్‌లో 2005 ఏప్రిల్ నుంచి బీఎస్-3, 2010 ఏప్రిల్ నుంచి బీఎస్-4 పొగ నిబంధనలు వచ్చాయి, అదే మోడల్ అయినా లోపలి సాఫ్ట్‌వేర్ వేరు కావచ్చు. మీ తాళంలో ఇమ్మొబిలైజర్ చిప్ (వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) ఉంటే ఆ సెకండ్ హ్యాండ్ ఈసీయూకి దాని పాత బండి తాళమే గుర్తుంటుంది, ఇంజిన్ అందుకుని ఒక్క క్షణంలో ఆగిపోవచ్చు, అసలు అందుకోకపోనూవచ్చు. మీ పాత ఈసీయూ మెమరీలోని డేటా చదివి దాంట్లోకి ఎక్కించగలిగితే చాలావరకు ఈ గొడవ ఉండదు. అందుకే పాతదాన్ని ఎక్స్చేంజ్‌కి ఇచ్చేయకండి, బోర్డు ఆరబెట్టి శుభ్రం చేసి రిపేర్ చేసేవాళ్లకి ముందు చూపించండి.

2008 బండి కాబట్టి 15 ఏళ్ల ఆర్సీ గడువు దాటింది. రెన్యువల్ చేయించకపోయి ఉంటే ఆ ఖర్చు కూడా కలుపుకుని లెక్క చూసుకోండి.